కుక్కలను పట్టువాని ఉద్యోగము

మన గ్రామములకు అనేకులు ఉద్యోగులు వచ్చి పోవుచుందురు. పన్ను వసూలుకు వచ్చినవారికి కుర్చీ వేయుదుము. పశువైద్యుడు వచ్చినచో మజ్జిగ ఇత్తుము. నావంటి వ్యవసాయ ప్రదర్శకుడు వచ్చి విత్తనశుద్ధినిగూర్చి నాలుగు మాటలు చెప్పబోయినచో, మాట వినినను వినకున్నను అరుగుమీద చాప పరచెదరు. కాని కుక్కలను పట్టు బండి ఊరిలోనికి వచ్చినప్పుడు దానివెంట వచ్చిన మనుష్యులను పలుకరించువారు లేరు. ఇది తప్పనియు, ఈ తప్పువలన నష్టపడుచున్నవారము మనమేయనియు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

గడచిన వేసవిలో నేనొక గ్రామమున ఈ సంగతి కన్నులార చూచితిని. తెల్లవారుజామున బండి వచ్చినది. అందు నలుగురు మనుష్యులు, వలలు, గోనెసంచులు, ఇనుప బోనులు ఉండెను. ఎండ ఎక్కునప్పటికి వారు 14 కుక్కలను పట్టిరి. ఈలోపల పిల్లలు వారిమీద రాళ్లు రువ్విరి. ఒక ఇల్లాలు తన వాకిట పండుకొను కుక్కను పట్టినందుకు శాపనార్థములు పెట్టెను. ఒక పెద్దమనిషి, “పట్టుకొనిపోయి మరల తెచ్చి ఇచ్చటనే విడుతురట! ఇదియు నొక ఉద్యోగమేనా?” అని ఎగతాళి చేసెను. వారిలో పెద్దవాడు దాహమడుగగా ఆ వీధిలో ఏ ఇంటనుండియు చెంబు బయటికి రాలేదు. నేను బస చేసిన ఇంటివారిని అడుగగా, వారు నీళ్లు తెచ్చి, దోసిలిలో దూరమునుండి పోసిరి. అతని కులమేదని నన్నడిగినవారున్నారు గాని అతని నేర్పేమని అడిగినవారు లేరు.

ఆ నలుగురిని రప్పింపవలసినదని పంచాయతీకి అర్జీ పెట్టుకొన్నదియు ఆ ఊరివారే. ఆ అర్జీకి కారణమైన సంగతి రైతులందరును తెలిసికొనదగినది.

ఆ గ్రామమున ఒక చిన్న రైతు ఇంట పాడిగేదె ఉండెను. సహకార సంఘమునుండి అప్పు తీసికొని కొన్నది; వాయిదాలు ఇంకను తీరలేదు. ఒకనాడు ఆ గేదె మేత మానినది. నోట చొంగ కార్చుచు, మాటిమాటికి బొంగురుగా అరచుచు, నీటిలో మూతి పెట్టియు మ్రింగలేక తల విదిలించుచుండెను. గొంతులో మామిడిటెంక అడ్డుపడినదని తలచి, రైతు తన చేతిని మోచేతివరకు గేదె నోట పెట్టి వెదకెను. ఏమియు దొరకలేదు. మరునాడు అతని తమ్ముడును అట్లే చేసెను. మూడవనాడు పశువైద్యుడు వచ్చి, చేయి వేయకయే కొంతసేపు చూచి, “దీనిని ఈమధ్య కుక్క యేదైన కరచినదా?” అని అడిగెను. అప్పుడు ఆ ఇంటి ముసలమ్మకు జ్ఞప్తికి వచ్చినది. నెలన్నర క్రిందట ఒక కుక్క మందలో పడి రెండు మూడు పశువులను కరచినది. ఈ గేదెకు మూతిమీద చిన్న గాటు పడినది. పసుపు అద్ది మరచిపోయిరి. ఐదవనాటికి గేదె చచ్చెను. అన్నదమ్ములిద్దరును ఆలస్యము చేయక ఆరోగ్య కేంద్రమునకు పోయి సూదులు వేయించుకొని బ్రతికిరి. గేదె పోయినది, అప్పు మిగిలినది. ఒక్క దినము గడచినను మనుష్యులే పోయియుందురేమో యని ఆ ముసలమ్మ నాతో చెప్పి కన్నీరు పెట్టుకొనెను.

ఈ రోగమునే జలభయమనియు రేబీసనియు చెప్పుదురు. దీని విషక్రిమి రోగముగల జంతువు చొంగలో ఉండును. కాటువలనగాని, చర్మము చిట్లినచోట నాకుటవలనగాని, మన చేతిమీది గీతలకు చొంగ తగులుటవలనగాని దేహములో ప్రవేశించి, నరముల వెంబడి మెదడునకు ప్రాకును. సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలలో లక్షణములు బయటపడును. ఒక్కొక్కప్పుడు వారమునకే పడవచ్చును, ఏడాదికిని పడవచ్చును. లక్షణములు బయటపడిన పిమ్మట మరణము దాదాపు తప్పదు. ముందుగా టీకాలు వేయించుకొన్నచో రోగము రాకుండ ఆపవచ్చును. 1885వ సంవత్సరము జూలై 6వ తేదీన ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు అను శాస్త్రజ్ఞుడు పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునకు ఇట్టి టీకాలు మొదలుపెట్టించి బ్రతికించెను. మన దక్షిణదేశమున నీలగిరులలోని కూనూరులో 1907లోనే ఇందులకొక సంస్థ ఏర్పడినది. బొడ్డుచుట్టు పొడుచు ఆ పాత సూదులను మన దేశమున మానివేసి ఇరువది యేండ్లయినది. ఇప్పుడు వేయునవి చేతికి వేయు నాలుగైదు సూదులు మాత్రమే. భయపడి మానుకొనవలసిన పని లేదు.

“కుక్కకాటుకు చెప్పుదెబ్బ” అని మనవారి సామెత. చెప్పుదెబ్బకు కుక్క పారిపోవునేమో గాని కాటులోని విషము పారిపోదు. కుక్కకాటుకు మొదటి మందు సబ్బునీరు. ధారగా పడు నీటిక్రింద సబ్బుతో పావుగంటసేపు గాయమును కడుగవలెను. సున్నము, కారము, పసుపు, ఆకుపసరు ఏదియు పెట్టరాదు. వెంటనే ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. రక్తము కారిన కాటైనచో టీకాతోబాటు గాయములోనే వేయు వేరొక మందును అవసరమగును. దానిని వైద్యుని అడిగి వేయించుకొనవలెను. పశువును కరచినను ఇట్లే కడిగి, ఆ దినముననే పశువైద్యునికి చెప్పవలెను. చొంగ కార్చుచు మ్రింగలేకున్న పశువు నోట ఎవరును చేయి పెట్టరాదు.

మనుష్యులకు ఈ రోగము నూటికి తొంబదితొమ్మిది పాళ్లవరకు కుక్కలవలననే వచ్చుచున్నదనియు, ప్రపంచమున దీనిచే మరణించువారిలో మూడవ వంతునకు పైగా మన దేశమువారేయనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. కావున వీధికుక్కలను అదుపులో పెట్టు ఉద్యోగము వేడుకకు చేయునది కాదు, ప్రాణములను కాపాడునది.

ఇక ఆ ఉద్యోగపు సంగతి. ఆనాడు పని ముగిసిన పిమ్మట నేను ఆ పెద్దవానితో వేపచెట్టు క్రింద కూర్చుండి మాటలాడితిని. అతడీ పని చేయబట్టి పదునెనిమిదేండ్లయినదట. ముంజేతులనిండ కాట్ల మచ్చలున్నవి. ముందుజాగ్రత్తగా టీకాలు వేయించుకొనియుండుటచేతనే ధైర్యముగా పని చేయుచున్నానని చెప్పెను.

“అయ్యగారూ, కుక్కను పట్టుట బలముతో పని కాదు. వెంట పరుగెత్తితిమా, వీధిలోని కుక్కలన్నియు ఒక్కుమ్మడిగా లేచును. ఆ దినపు పని చెడినట్లే. తెల్లవారకముందు, జనసంచారము లేనప్పుడు మెల్లగా పోవలెను. చెవులను, తోకను చూచి ఇది కరచునో, పారునో తెలిసికొనవలెను. పట్టుకారులు, తీగ ఉచ్చులు వాడినచో మెడ తెగును, నేనవి ముట్టను. వల గాని, గోనెసంచి గాని, నా రెండు చేతులు గాని చాలును. ఊరివారు ఏ కుక్క ఎక్కడ పండుకొనునో చెప్పినచో ముప్పదింటిని పట్టగలను; దాచిపెట్టినచో పది పట్టుటయే కష్టము” అనెను.

పట్టిన ప్రతి కుక్కకు ఒక సంఖ్య ఇచ్చి, ఏ వీధిలో ఎవరి వాకిట పట్టినదియు పుస్తకమున వ్రాసికొందురు. పశువైద్యశాలలో మత్తుమందిచ్చి, ఆడుకుక్కకు గర్భకోశమును, మగకుక్కకు వృషణములను తీసివేయుదురు. చెవికొన కొంచెము కత్తిరించి గుర్తు పెట్టుదురు. రేబీసు టీకా వేయుదురు. గాయము మానువరకు కొన్ని దినములుంచి, పట్టినచోటనే మరల విడుతురు. జంతుహింసా నివారణ చట్టము 1960లో వచ్చినది. దాని ననుసరించి 2001లోను, తరువాత 2023 మార్చిలోను భారత ప్రభుత్వమువారు ప్రకటించిన నియమములు ఈ పద్ధతినే విధించినవి. ఇది పట్టణములకే గాక గ్రామ పంచాయతీలకును వర్తించును.

“మరల విడుచుట యెందులకు? చంపివేసిన పీడ విరగడయగును గదా” అని అడుగువారు పెక్కురు. కొన్ని ఊళ్లలో అన్నములో విషము కలిపి పెట్టినారని వినియున్నాను. మరికొన్ని ఊళ్లలో రాత్రివేళ బండి కెక్కించి పొలిమేర దాటించి వచ్చెదరు. వ్యవసాయము తెలిసినవారికి దీని ఫలము సులభముగా బోధపడును. చేనిలో తుంగను పైపైన కోసివేసినవాని గతి యేమి? గడ్డలు నేలలోనే యుండును. పది దినములకు చేనంతయు మరల పచ్చబడును. వీధిలో ఎంగిలాకులు, చెత్తకుప్పలు, పశుకళేబరములు ఉన్నంతకాలము కుక్కకు తిండి కొరత లేదు. ఉన్న కుక్కలను చంపినచో ఆ తిండికొరకు పొరుగూరి కుక్కలు వచ్చును. ఆడుకుక్కకు చూలు రెండు నెలలు. ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. రెండేండ్లలో లెక్క మొదటికి వచ్చును; పైగా కొత్తగా వచ్చినవానికి టీకా యుండదు. టీకా పడిన కుక్కయో, తన వీధిలోనికి కొత్త కుక్కను రానీయదు, కూనలను పెట్టదు, రోగమును పుట్టింపదు. అది పంట నిలిచిన చేనువంటిది, కలుపునకు చోటీయదు. పొలిమేర దాటించుట యన్ననో, మన కలుపును పొరుగువాని చేనిలో నాటి వచ్చుటయే. అతడును మనవలె ఆలోచించిన నాడు అవి మరల మన వీధికే వచ్చును.

ఇవి ఉత్త మాటలు కావు. మద్రాసు నగరమున కుక్కలను పట్టి చంపు వాడుక తరములపాటు సాగినను కుక్కలు తరుగకపోగా, 1996లో అచ్చటివారు శస్త్రచికిత్స పద్ధతికి మరలిరి. జయపురమున 1994 చివర మొదలుపెట్టి ఎనిమిదేండ్లలో సుమారు 25 వేల కుక్కలకు శస్త్రచికిత్సయు టీకాయు చేయగా, వీధికుక్కల సంఖ్య నూటికి ఇరువదియెనిమిది వంతున తగ్గినది. గోవాలో ఏటేట వేలకొలది కుక్కలకు విడువక టీకాలు వేయగా, మూడేండ్లపాటు ఈ రోగముచే మనుష్యమరణ మొక్కటియు లేకపోయెను. 2021లో ఆ రాష్ట్రమును రేబీసు అదుపులోనికి వచ్చిన ప్రదేశముగా ప్రకటించిరి.

ఎదుటి పక్షమువారి మాటను నేను తేలికచేయను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో ఒక పసిబాలుని వీధికుక్కలు చీల్చి చంపిన వార్త విని ఏ తల్లి గుండె తల్లడిల్లలేదు? టీకా రోగమును ఆపునే గాని కోరలను ఊడబెరుకదు. కరచు స్వభావము గలదానిని, పిచ్చి పట్టినదానిని వీధిలోనికి మరల విడువరాదు. 2025 ఆగస్టు 22వ తేదీన సుప్రీంకోర్టువారును ఇట్లే సెలవిచ్చిరి: చికిత్సయు టీకాయు అయిన కుక్కలను పట్టినచోటనే విడువవలెననియు, రేబీసు గలవానిని, మీదబడి కరచువానిని విడువరాదనియు ఆజ్ఞాపించిరి. ఆ సంవత్సరమే నవంబరు 7వ తేదీన బడులు, ఆసుపత్రులు, బస్సు నిలయములు, రైలు నిలయములవంటి తావులనుండి పట్టిన కుక్కలను మరల అచ్చటికి తేక వేరే సంరక్షణ స్థలములకు చేర్పవలెనని ఆజ్ఞాపించిరి. అయితే ఏది కరచు కుక్క, ఏది కాదు అని గుర్తింపగలవాడెవడు? కఱ్ఱ పట్టుకొని కేకలు వేయు గుంపు కాదు. చెవులను, తోకను చూచి చెప్పగల ఆ మనిషియే.

నా అసలు ఫిర్యాదు మరియొకటి కలదు. నేను చూచిన ఊరిలో కుక్కలు అరువదికి తక్కువ లేవు. 14 కుక్కలను పట్టి బండి పోయినది. వానిని తెచ్చి విడిచిన పిమ్మట మరల రాలేదు. నూటికి డెబ్బది కుక్కలకైన టీకా పడినగాని రోగము ఆగదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క. అరువదింటిలో డెబ్బది వంతు 42. అనగా 28 కుక్కలు తక్కువ. బండి మరల రాకపోవుట పైవారి లోపము. వచ్చిన దినమున పదునాలుగే దొరకుట ఊరివారి లోపము. చేనిలో మూలకొక మడికి మందు చల్లి తెగులు పోలేదని ఏడ్చువానిని మనము నవ్వుదుము. ఇచ్చట మనము చేసినదియు అదియే. సగము పని చేయించి, ఆ పద్ధతియే పనికిరాదని తీర్పు చెప్పుచున్నాము.

ఇంతకును కుక్కలమందను పెంచుచున్నది ఎవరు? చచ్చిన పశువును ఈడ్చి ఊరబయట పారవేయుట మన ఆచారము. పూర్వము రాబందులు దిగి గడియలలో ఎముకలు మిగిల్చెడివి. 1990 తరువాత ఆ పక్షులు మన దేశమున నూటికి తొంబదికి పైగా నశించెను. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాకు అను మందు కళేబరముద్వారా వానికి విషమైనదని 2004లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 2006లో పశువులకు ఆ మందు వాడరాదని మన ప్రభుత్వము నిషేధించినది. పోయిన రాబందులు అంత త్వరగా తిరిగి రావు. వాని విస్తరిలో ఇప్పుడు కుక్కలు కూర్చున్నవి. మాంసము మరగిన ఆ మందలే గొఱ్ఱెపిల్లలమీదను, లేగలమీదను పడుచున్నవి. ఇంటికి కాపుగా మనము పెంచుకొను కుక్కలకును టీకా వేయించువారు అరుదు. ఈనిన కూనలను సంచిలో పెట్టి సంతలో విడిచివచ్చువారు మాత్రము కలరు. ఈ తప్పులు మనయందుండగా బండివానిని నిందించి ఫలమేమి?

కావున సంఘ సభ్యులు వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ క్రింది సంగతులు ఆలోచింతురుగాక.

మొదటిది, ప్రతి గ్రామమున కుక్కల లెక్క తీసి, పెంపుడువెన్ని, వీధివెన్ని, చెవిగుర్తు గలవెన్ని అని సంఘపు పుస్తకమున వ్రాయవలెను. లెక్క లేనిది పంచాయతీవారిని గట్టిగా అడుగజాలము.

రెండవది, పాశ్చరు మరణించిన సెప్టెంబరు 28వ తేదీని లోకమంతట రేబీసు దినముగా జరుపుచున్నారు. ఆ దినమున పశువైద్యుని రప్పించి, సభ్యుల పెంపుడు కుక్కలన్నిటికిని ఏటేట టీకా వేయింపవలెను.

మూడవది, పశుకళేబరములను పూడ్చుటకు బావులకు, చెరువులకు దూరముగా స్థలము నేర్పరచి, ఆరడుగుల గోతిలో సున్నము చల్లి పూడ్చునట్లు కట్టుబాటు చేయవలెను. పేదవాడు ఆ ఖర్చు భరింపజాలనిచో సంఘమే భరింపవలెను. ఒక గోతి ఖర్చు ఒక గేదె ఖరీదులో ఎన్నవ వంతు?

నాల్గవది, సంఘపు అప్పుతో కొన్న పశువుకు బీమా చేయింపక అప్పు ఇయ్యరాదు. పైన చెప్పిన రైతు వాయిదాలు కట్టుటకు ఇప్పుడు కూలికి పోవుచున్నాడు.

ఐదవది, కుక్కలను పట్టు బండి వచ్చు దినము ముందుగా తెలిసికొని, ఇద్దరు సభ్యులు వారివెంట వీధులు తిరిగి కుక్కలుండు తావులు చూపవలెను. నూటికి డెబ్బది పూర్తియగువరకు రెండవసారి, మూడవసారి బండిని పంపుమని లెక్కతోసహా వ్రాయవలెను.

ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లడయ్యెనని మన పెద్దలు చెప్పగా వినుచున్నాము. అంతటి త్యాగము మననుండి ఎవరును కోరుట లేదు. కుక్కకు ప్రాణము మిగిల్చి, మన బిడ్డలకును పశువులకును ప్రాణము మిగిల్చు మార్గమొకటి కలదు. దానికి కావలసిన నేర్పు గల మనిషి మన ఊరికి వచ్చుచున్నాడు. అతడు వచ్చినప్పుడు రాళ్లు పట్టిన పిల్లలను మందలింతము. అరుగుమీద అతనికిని చాప వేయుదము. దాహమడిగినచో నీళ్లు దూరమునుండి పోయక, చెంబు అతని చేతికే ఇత్తము.